ఆదివారం ఏ చెరువుకు పోదాం?

మా తమ్ముడు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా మెదక్, సిద్దిపేట వైపు చెరువు కట్టల మీదే గడిచింది. మా అమ్మాయి ఉద్యోగం మాదాపూర్‌లో. శని ఆదివారాలు వస్తే కయాకింగ్ అని, సెయిలింగ్ అని నీళ్ల మీదే ఉంటుంది. ఇద్దరికీ చెరువంటే ప్రాణమే గానీ, ఇద్దరినీ ఒకే కారెక్కించి ఒకే చెరువుకు తీసుకెళ్లడం మాత్రం ఇంతవరకూ నావల్ల కాలేదు. వానలు వెనకబట్టి చలి ఇంకా ముదరని రోజులు. కారు తోలేది నేను కనుక నాకు కావలసింది ఊరి పేరొక్కటే. అది అడిగినందుకు జరిగిన వాదన ఇది. ఒకరి మాటకు మరొకరు అడ్డొచ్చిన చోట్ల కొంత సర్దాను.

అమ్మాయి: కోట్‌పల్లి వెళ్దాం నాన్నా. వికారాబాద్ దాటి, అనంతగిరి అడవి దాటితే వచ్చేస్తుంది. కయాక్‌లు అక్కడే అద్దెకు దొరుకుతాయి. చుట్టూ చెట్లు, నీళ్లు. తెడ్డు వేస్తుంటే ఆఫీసు గుర్తురాదు.

తమ్ముడు: పోవుడు రెండున్నర గంటలు, ఒచ్చుడు రెండున్నర గంటలు. గంటసేపు నీళ్ల మీద ఉండేటందుకు ఐదు గంటలు కారుల కూసోవాల్నా? మియాపూర్ పక్కన అమీన్‌పూర్ ఉన్నది. పొద్దున ఆరింటికి పోతే తొమ్మిదింటికి ఇంటికొచ్చి టిఫిన్ తినొచ్చు.

అమ్మాయి: అక్కడ చేసేదేముంది బాబాయ్? గట్టు మీద నిలబడి చూడ్డమేగా.

తమ్ముడు: చూసుడు తక్కువ పనా బిడ్డా? కుతుబ్‌షాహీల నాటి చెరువది. 2016ల దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలం అని ప్రకటించిన్రు. దేశంల పట్నపు చెరువుకు ఆ పేరొచ్చుడు అదే మొదలు. చలికాలం రాజహంసలు దిగుతయి.

అమ్మాయి: ఒక డిసెంబర్‌లో వెళ్లాం మా ఫ్రెండ్స్ అందరం. చెరువు నిండుగా ఉంది, రాజహంస ఒక్కటీ లేదు. నీటికోళ్లను చూసి వచ్చాం.

తమ్ముడు: నిండుగ ఉన్నది గనుకనే లేవు. రాజహంసకు మోకాలి లోతు నీళ్లు గావాలె. నడుచుకుంట, తల కిందికి పెట్టి, బురదల ఉన్నది వడగట్టుకొని తింటది. చెరువు అంచు దాకా నిండితే దానికి కాలు మోపే జాగ ఉండదు. సగానికి దిగిన చెరువుల చుట్టూ బురద తేలుతది, అప్పుడొస్తయి కొంగలైనా, ఉల్లంకులైనా. పడవకు నిండు చెరువు గావాలె, పిట్టకు సగం చెరువు గావాలె. ముందు నీకేం గావాల్నో తేల్చుకొని, తరువాత చెరువు పేరు చెప్పు.

(ఇంత ఉపయోగపడే ముక్క నేను ఏ పర్యాటక కరపత్రంలోనూ చదవలేదు. అక్టోబర్‌లో బాగున్న చెరువు ఫిబ్రవరిలో వేరే చెరువు. పేరొక్కటే మారదు.)

అమ్మాయి: నాకేం కావాలో నాకు ఎప్పుడో తేలింది. లోపలికి దిగనిచ్చే చెరువు కావాలి. తెడ్డు వెయ్యాలి, నీళ్లు మొహానికి తగలాలి. గండిపేట చూడు. పార్కు కట్టారు, టికెట్ పెట్టారు, దీపాలు పెట్టారు. నీళ్లేమో కంచెకు అవతల. అంత పెద్ద నీటిని ఫొటోలకు వెనక తెర చేసి పెట్టారు.

తమ్ముడు: అది తాగే నీళ్ల చెరువు గదా! 1908 సెప్టెంబర్‌ల మూసీ పొంగి వేలమంది కొట్టుకపోయిన్రు. ఆ తరువాత విశ్వేశ్వరయ్యను పిలిపిస్తే ఎగువన రెండు జలాశయాలు కట్టాలన్నడు. 1920ల మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అదే నీ గండిపేట; 1927ల ఈసీ మీద హిమాయత్‌సాగర్. ఒక్క కట్టతోని రెండు పనులు, వరద ఆపుడు, దూప తీర్చుడు. ఇప్పుడు కృష్ణా, గోదావరి, మంజీర నీళ్లు ఒస్తున్నయని ఈ రెండింటిని ఆటస్థలం చేస్తమా?

అమ్మాయి: నేను మోటారు బోటు తిప్పమనలేదు. తెడ్డు పడవకు పొగ ఉండదు, చమురు కారదు.

తమ్ముడు: ఇయ్యాల తెడ్డు పడవ అంటరు. రేపు దాని పక్కన మిర్చి బజ్జీల బండి పడ్తది. ఎల్లుండి రిసార్ట్ లేస్తది. రిసార్ట్ మురికి ఏడికి పోతది? పల్లం దిక్కే గదా.

అమ్మాయి: సరే, కంచె వేసి కాపాడారు. కాపాడగలిగారా మరి? 1996లో 111 జీవో తెచ్చి రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్లు, 84 ఊళ్లలో పెద్ద కట్టడాలు వద్దన్నారు. 2022లో ఆ ఆంక్షలు తీసేస్తున్నామని ఇంకో జీవో, 69, వచ్చింది. అప్పుడు ఈ నగరంలో ఎంతమంది అడిగారు? భూమి రేటు గురించి మాట్లాడినవాళ్లే ఎక్కువ. ఎందుకంటే గండిపేట మనకు కారు అద్దంలోంచి కనిపించే నీళ్లు. రోజూ దిగి ఈత కొట్టే చెరువైతే జనం ఊరుకునేవారా?

తమ్ముడు: దిగినోడు కాపాడ్తడని ఎవరు చెప్పిన్రు నీకు? చెరువును చూసి మురిసినోడే మొదలు దాని పక్కన ప్లాటు కొన్నడు. ‘లేక్ వ్యూ’ అని బోర్డు పెట్టి చెరువునే అమ్మిన్రు. నా సర్వీసుల ఎన్ని శిఖం భూములు చూసిన! నీళ్లు దిగినప్పుడు దోసకాయలు పండించుకునే భూమి అది, ఆనకాలం మునుగుతది. ఎండకాలం చూసి ‘ఖాళీ జాగ’ అని గీతలు కొడ్తరు. 2020 అక్టోబర్‌ల బాలాపూర్ దిక్కు గుర్రం చెరువు తెగి బస్తీలు మునిగినప్పుడు అందరు వానను తిట్టిన్రు. నీళ్లు వాటి తొవ్వల అవి పోయినయి. తొవ్వల ఇండ్లున్నయి.

అమ్మాయి: ప్లాటు కొన్నవాడినీ, గంటసేపు పడవ తోలి వచ్చేదాన్నీ ఒకే గాటన కడితే ఎలా?

ఇక్కడ ఇద్దరి గొంతులూ పెరిగాయి. నేను టీ పెట్టించాను. నా మటుకు నాకు తాగునీటి జలాశయాల దగ్గర తమ్ముడి మాటే సరైనదనిపిస్తుంది. చూసి వచ్చేద్దాం, దిగొద్దు. అయితే చూడ్డానికి కూడా టికెట్టు, దీపాలూ ఎందుకో నాకూ అర్థం కాదు. కట్ట మీద నడిచే దారి, రెండు చెట్ల నీడ చాలవా? టీ కప్పు పట్టుకుని అమ్మాయి మాట మార్చింది. మార్చి, తమ్ముడు కలలో కూడా ఊహించని చెరువు పేరు చెప్పింది.

అమ్మాయి: పోనీ దగ్గరే కావాలి కదా నీకు? హుస్సేన్‌సాగర్.

తమ్ముడు: ముక్కు మూసుకొని పోదామా?

అమ్మాయి: నవ్వు, పర్లేదు. వానాకాలంలో అక్కడ జాతీయ స్థాయి సెయిలింగ్ పోటీలు జరుగుతాయి తెలుసా? దేశం నలుమూలల నుంచీ వస్తారు. నైరుతి గాలి తగిలితే చిన్న పడవ ఎగిరినట్టు పోతుంది. సెయిలింగ్‌కు కావలసింది గాలి, వెడల్పు. బస్తీ పిల్లలు, సర్కారు బడి పిల్లలు అక్కడ నేర్చుకుని పతకాలు తెచ్చారు. బుద్ధుడి బొమ్మకు నమస్కారం పెట్టి, ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న కంకి తిని వచ్చేవాళ్లకు అది కంపు కొట్టే చెరువు. ఆ పిల్లలకు అది మైదానం.

తమ్ముడు: ఆ మైదానానికి నీళ్లు ఏడికెల్లి ఒస్తయో ఎరుకేనా? కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా. జీడిమెట్ల, బాలానగర్ ఫ్యాక్టరీల మురికి కూకట్‌పల్లి నాలాలనే ఒచ్చింది ఇన్నేండ్లు. ఆ పిల్లలు పడవ బోర్లపడితే ఆ నీళ్లనే మింగుతరు. పతకం మంచిదే, కాదంటలేను. కానీ పిల్లల కోసమన్న నాలా బాగుచెయ్యాలె అనాలె గాని, గాలి బాగుంది గదా అని ఊకుంటే ఎట్ల?

అమ్మాయి: నాలా బాగుచెయ్యమని గట్టిగా అడిగేది ఎవరు బాబాయ్? ఒడ్డున కంకి తినేవాడా, నీళ్లు మింగినవాడా?

దీనికి తమ్ముడు వెంటనే జవాబు చెప్పలేదు. కప్పు కింద పెట్టి, వేరే వైపు నుంచి వచ్చాడు. వాడి అలవాటే అంత.

తమ్ముడు: నేనొక్కటే చెప్తున్న. చెరువుకు పోయే ముంగట రెండు సంగతులు చూసుకోవాలె. నీళ్లు ఎటుకెల్లి ఒస్తున్నయి, మత్తడి దుంకి ఎటు పోతున్నయి. గీ రెండు తెలిస్తే చెరువు మొత్తం తెలిసినట్టే.

అమ్మాయి: ఆదివారం పిక్నిక్‌కు ఇంజినీరింగ్ సర్వే చెయ్యమంటావా?

తమ్ముడు: నీ ఫోన్ల మ్యాప్ ఉన్నది గదా, ఉపగ్రహం బొమ్మ పెట్టు. చెరువు కనవడ్తది. దాంట్లకు ఒచ్చే వాగు గీత పట్టుకొని ఎగువకు జరుపు. గుట్టలు, పొలాలు కనవడితే నీళ్లు మంచివే. అపార్ట్‌మెంట్లు, షెడ్లు కనవడితే ఆశ పెట్టుకోకు. చెరువు మీద పచ్చటి తివాచీ పరిచినట్టు కనవడితే అది గుర్రపుడెక్క. డ్రైనేజీ నీళ్లు తాగి బలిసిన ఆకు. దాని కింద చేపకు ఊపిరాడదు. ఇంకొకటి, మొదటి పెద్దవాన పడ్డ మరునాడు పట్నం చెరువుకు అసలే పోవద్దు. ఎండకాలమంత నాలాలల్ల పేరుకున్న మురికి ఒక్కసారి ఒచ్చి పడ్తది, చేపలు తెల్లగ తేల్తయి.

అమ్మాయి: ఇది మాత్రం పనికొచ్చే మాట. మా గ్రూపులో చెప్తాను.

తమ్ముడు: ఇంకా విను. మన దిక్కు చెరువు ఒంటిగ ఉండదు. గొలుసుకట్టు. పై చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువుకు. నడుమ ఒక్క చెరువు మాయమైతే పైనోనికి వరద, కిందోనికి కరువు. అందుకే అంటున్న, లక్నవరం చెరువు దాకా ఎందుకు, నీ అపార్ట్‌మెంటు ఏ గొలుసుల ఉన్నదో అది చూడు. దాని పై చెరువు ఏది, కింది చెరువు ఏది, పోయి చూడు ఒక ఆదివారం.

అమ్మాయి: లక్నవరాన్ని మాత్రం ఏమీ అనకు. 200 కిలోమీటర్ల పైనే, ఒప్పుకుంటాను. రెండు రోజులు పెట్టుకోవాలి. కానీ గుట్టల మధ్య సందుల్లో చిన్న చిన్న కట్టలు కట్టి, మిగతా పని గుట్టలకే వదిలేశారు కాకతీయులు. వేలాడే వంతెన మీద జనం తోసుకుంటారు నిజమే. పడవలో కాస్త లోపలికి పోతే ద్వీపాలు, నిశ్శబ్దం. దారిలో రామప్ప గుడి, దాని వెనక రామప్ప చెరువు. ఇంకో దారిన పోతే పాఖాల, గణపతిదేవుడి కాలం నాటిది. ఎనిమిది వందల ఏళ్లు దాటింది. నువ్వు ఉద్యోగంలో చూసుకున్న కట్టలన్నిటికీ అవి పెద్దన్నలు. చూడకపోతే ఎలా?

తమ్ముడు: (కొంచెం మెత్తబడి) పాఖాల నేనూ చూసిన. ఆ తూము దగ్గర గంట కూసున్న.

అమ్మాయి: చూశావా! మేం పడవెక్కితే తప్పు, నువ్వు తూము దగ్గర కూర్చుంటే చదువు.

తమ్ముడు: తూము అంటే యాదికొచ్చింది. నవ్వులాట కాదు ఇది. తూము ఎత్తి ఉన్నప్పుడు ఆ పక్క నీళ్లల్ల దిగొద్దు, గుంజుకుంటది. పైకేమో నీళ్లు కదిలినట్టే ఉండదు. కొత్త రిజర్వాయర్ల కాడ ఇంకా జాగ్రత్త. 2025 జనవరి 11న, సంక్రాంతి ముంగట, కొండపోచమ్మ సాగర్‌ల ఐదుగురు పిలగాండ్లు మునిగిపోయిన్రు. పట్నం నుంచి సరదాకు పోయినోళ్లే. పదిహేను టీఎంసీల రిజర్వాయర్ అది. పాత చెరువు ఒడ్డు పళ్లెం లెక్క మెల్లగ లోతు అయితది. కొత్త దానికి కట్ట లోపలి దిక్కు రివిట్‌మెంట్ రాయి, ఏటవాలు, నాచు. అడుగేస్తే జారుడే, జారితే కాలు ఆనదు. పాత చెరువు కూడ నమ్మేటట్టు లేదు ఇప్పుడు. మొరం కోసం, మట్టి కోసం తవ్విన గుంతలు నీళ్ల కింద కనవడయి. మోకాలి లోతుల నడుస్తనే నిలువు లోతుల పడ్తవు.

అమ్మాయి: నేను లైఫ్ జాకెట్ లేకుండా పడవెక్కను. కానీ చూడు, మునిగిపోయినవాళ్లలో ఎక్కువమంది పడవ ఎక్కినవాళ్లు కాదు. సెల్ఫీ కోసమో, కాళ్లు కడుక్కుందామనో దిగినవాళ్లు. ‘దిగరాదు’ అని బోర్డు పెడితే చాలనుకున్నాం. ఆ బోర్డు పక్కనే దిగుతున్నారు. ఈత నేర్పించి, ఒక మనిషిని కాపలా పెట్టి, తాడూ జాకెట్టూ ఉంచి, ఇక్కడ దిగొచ్చు అని ఒక జాగా చూపిస్తే పిల్లలు అక్కడికే పోతారు. నీళ్లంటే భయం నేర్పినంత కాలం రహస్యంగా దిగుతూనే ఉంటారు. నీకు ఈత ఎక్కడొచ్చింది?

తమ్ముడు: మా ఊరి బాయిల. బెండు కట్టి తోసిండు మా నాయిన.

అమ్మాయి: మాకు బావులూ లేవు, బెండు కట్టేవాళ్లూ లేరు.

ఆ బావి నాకూ తెలుసు. నన్నూ అందులోకే తోశారు. ఈ విషయంలో అమ్మాయి వైపే నా ఓటు.

అమ్మాయి: ఇంకో సంగతి. చెరువు ఎంచుకోవడానికి నువ్వు చెప్పిన రెండు ప్రశ్నలూ మగవాళ్ల ప్రశ్నలు.

తమ్ముడు: నీళ్లకు ఆడ, మగ ఏందే?

అమ్మాయి: నీళ్లకు లేదు, ఒడ్డుకు ఉంది. నేను చెరువు పేరు వినగానే అడిగేది బాత్రూమ్ ఉందా అని. సాయంత్రం ఐదు తర్వాత కట్ట మీద సీసాలు తెరిచేవాళ్లు ఉంటారా అని. తిరుగు దారి మీద దీపాలున్నాయా, ఊరు ఎంత దూరం అని. నగరం చుట్టూ ఎంత మంచి చెరువులున్నాయో నువ్వు చెప్తుంటే వింటాను. వాటిలో సగానికి మేం నలుగురు ఆడపిల్లలం ఒంటరిగా పోలేం. మనిషి కాపలా, గది, టికెట్ ఉన్న చోటికే పోతాం. అందుకే కోట్‌పల్లి, అందుకే లక్నవరం. నువ్వు ‘టూరిస్టు చెరువులు’ అని తీసిపారేసేవే మాకు అందుబాటులో ఉన్నవి.

తమ్ముడు: ...అది నిజమే.

అమ్మాయి: ఏదో అంటావనుకున్నా.

తమ్ముడు: ఏమంట? ఊర్ల ఉన్నప్పుడు చెరువు కట్ట మీద పొద్దుందాక ఆడోళ్లే ఉండేది. బట్టలు, గిన్నెలు, బతుకమ్మ. కట్టమైసమ్మ కాడ బోనాలు. నీరటోడు తూము కాడ ఉండేటోడు, చేపలోళ్లు ఉండేటోళ్లు. ఎప్పుడూ మనుషులుండే జాగ అది. ఇప్పుడు నల్లాలొచ్చినయి, నీరటోడు లేడు. కట్ట ఖాళీ అయింది, సీసాలోళ్లు ఒచ్చిన్రు.

అమ్మాయి: అంటే మనుషులు పోవాలనేగా నేనూ అంటున్నది!

తమ్ముడు: పోవాలె. పనిమీద పోయినోళ్లు వేరు, సరదాకు పోయినోళ్లు వేరు, అదే నా బాధ. చేపలోళ్ల సొసైటీకి చెరువు మీద హక్కు ఉంటది. ఎండకాలం వల వేసేదాక కావలి కాస్తరు. నీకు సెలవు దినం, ఆయనకు కూలి దినం. నీ పడవ పోయి ఆయన వలల చిక్కితే ‘అయ్యో సారీ’ అంటవు. వల ఎంతయితదో ఎరుకేనా?

అమ్మాయి: తెలీదు. కానీ కోట్‌పల్లిలో పడవలు చూసుకునేది ఆ చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లే బాబాయ్. మేం ఇచ్చే డబ్బు ఆ ఊళ్లకే పోతుంది. చెరువు పాడైతే ముందు నష్టపోయేది వాళ్లే. కంచె కన్నా అది గట్టి కాపలా కదా?

తమ్ముడు: ఆదివారం కార్లు కట్ట దాకా బారులు తీరినప్పుడు కూడ అదే మాట అంటరా ఆ పోరగాండ్లు? ప్లాస్టిక్ ఎవరు ఏరుతరు? కోట్‌పల్లి ప్రాజెక్టు కూడ పొలాలకు కట్టిందే, పడవలకు గాదు. యాసంగికి నీళ్లిడిస్తే మట్టం దిగుతది. ‘నీళ్లు లేవు, పడవలు బంద్’ అని మీరు మొహం మాడ్చుకుంటరు. రైతు మాత్రం అదే నీళ్లతోని బతుకుతడు. ఆ సంగతి తెలిసి పోతే పో, నాకేం అభ్యంతరం లేదు.

అమ్మాయి: అంటే కోట్‌పల్లికి సరేనా?

తమ్ముడు: నేనట్ల అన్లేదు. పోచారం ఉన్నది, మెదక్ దిక్కు. నిజాం జమానాల, 1922ల కట్టిన్రు. చుట్టూ అభయారణ్యం. చలికాలం పట్టెతల బాతులు ఒస్తయి. మంచి వానలు పడ్డ ఏడు మత్తడి దుంకుతుంటే...

అమ్మాయి: మత్తడి, మత్తడి! నీకు చెరువులోంచి బయటికి పోయే నీళ్లే కావాలి. నాకు లోపల ఉన్న నీళ్లు కావాలి.

ఈ మాట దగ్గర నేను కల్పించుకోక తప్పలేదు. ఆదివారం ఎక్కడికి పోయినా జనమే, కనుక ఆదివారమే వద్దన్నాను. వారం మధ్యలో ఒక రోజు, కోట్‌పల్లి. తమ్ముడు తూమూ మత్తడీ చూసుకోవచ్చు, అమ్మాయి పడవెక్కవచ్చు. తిండి ఇంటి నుంచే, స్టీలు డబ్బాల్లో. అమీన్‌పూర్‌కు నీళ్లు దిగాక, జనవరి చివర్లో.

అమ్మాయి: బుధవారం నాకు రివ్యూ మీటింగ్ ఉంది.

తమ్ముడు: గురువారం పెట్టు. బుధవారం నాకూ పనున్నది. కోట్‌పల్లి దిక్కు పనిచేసిన దోస్తు ఒకాయనున్నడు, కాలువకు నీళ్లు ఎప్పుడిడుస్తరో అడగాలె.

అమ్మాయి: అడుగు. అడిగి, నువ్వూ జాకెట్ వేసుకుని పడవెక్కుతావా, అది చెప్పు ముందు.

తమ్ముడు: ముందు నీళ్లెన్ని ఉన్నయో తెల్వనీ.